గడియారం వెనక్కి తిరిగేలోపే కదలండి!
రెడింగ్, అర్లీ, వుడ్లీ తెలుగువారికి విజ్ఞప్తి



అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. మర్నాటి నుంచి సాయంత్రం ఐదు కాకుండానే పొద్దు గూకుతుంది. లండన్‌లో పని ముగించుకుని పాడింగ్టన్‌లో రైలెక్కినవాళ్లు ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అప్పటిదాకా ఇంట్లో లైటుండదు, వాకిట్లో కారుండదు. ధనత్రయోదశి, దీపావళి వచ్చేదీ ఆ రోజుల్లోనే. బీరువా అడుగున ఉన్న బంగారం ఒంటిమీదికి వచ్చే కాలమది. ఈ సంగతి మనకెంత తెలుసో దొంగలకూ అంతే తెలుసు. దక్షిణాసియా కుటుంబాల ఇళ్లను బంగారం కోసమే ఎంచుకుంటున్నారని ఇంగ్లండులో పోలీసులు దీపావళి ముందు హెచ్చరిస్తూనే ఉన్నారు.

మరి మనమేం చేస్తున్నాం? వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపుకుంటున్నాం. "ఫలానా వీధిలో మూడిళ్లు దోచేశారంట!" ఏ వీధి, ఏ రోజు, ఎవరిల్లు, ఎవరికీ తెలీదు. మెసేజీ మాత్రం పొద్దుటికల్లా స్లౌ దాకా, మిల్టన్ కీన్స్ దాకా పోతుంది. నిజంగా సొమ్ము పోగొట్టుకున్న కుటుంబమేమో పరువు పోతుందని, పండగపూట అపశకునమని, గొడవెందుకని ఊరుకుంటుంది. గ్రూపులో అందరికీ తెలిసిన దొంగతనం పోలీసు పుస్తకంలో లేకుండా పోతుంది.

మనం చెప్పని నేరం లెక్కలో లేదు! లెక్కలో లేని వీధికి గస్తీ రాదు, దీపం రాదు! ఈ కరపత్రం వేసింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

ఇంతకీ రెడింగ్ భయపడాల్సిన ఊరేనా? కొత్తగా వీసా మీద వచ్చే ప్రతి కుటుంబం మొదట అడిగే ప్రశ్న ఇదే. మనం ఠక్కున "అర్లీ సేఫు, ఆక్స్‌ఫర్డ్ రోడ్డు వద్దు" అని తేల్చేస్తాం. ఆక్స్‌ఫర్డ్ రోడ్డు పేరెత్తితే పెదవి విరిచేదీ మనమే, కరివేపాకుకూ బెండకాయలకూ పరుగెత్తేదీ అక్కడికే.

ఇంటర్నెట్‌లో కనపడే "వెయ్యి మందికి ఇన్ని నేరాలు" అనే జాబితాలు చూసి ఇల్లు ఎంచుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. 2021 జనాభా లెక్కల్లో రెడింగ్ బరో జనం సుమారు 1,74,000. అర్లీ, వుడ్లీ రెడింగ్‌ను ఆనుకునే ఉన్నా అవి వోకింగమ్ బరోలోవి. టైల్‌హర్స్ట్ కొంత, కాల్కట్ పూర్తిగా వెస్ట్ బెర్క్‌షైర్‌వి. అర్లీలో ఉండే మనిషి ఫోను శనివారం ఒరాకిల్ మాల్ దగ్గర పోయిందనుకోండి, ఆ నేరం రెడింగ్ ఖాతాలో పడుతుంది, ఆ మనిషి మాత్రం వోకింగమ్ జనాభాలో ఉంటాడు. రోజూ చుట్టుపక్కల ఊళ్లనుంచి స్టేషనుకూ, దుకాణాలకూ, ఆఫీసులకూ వచ్చేవాళ్ల మీద జరిగే నేరాలన్నీ పైన, రెడింగ్ కాపురస్తులు మాత్రమే కింద. ఆ భాగహారంలో రెడింగ్ ఉన్నదానికన్నా చెడ్డగానూ, వోకింగమ్ ఉన్నదానికన్నా మంచిగానూ కనిపించక ఏమవుతుంది? పోలీసుల వెబ్‌సైటు మ్యాపులో చుక్కలు కూడా అచ్చంగా ఆ ఇంటిమీదే ఉండవు, బాధితుల గుట్టు కాపాడటానికి దగ్గర్లోని ఏదో ఒక బిందువుకు జరిపి చూపిస్తారు. "హింస, లైంగిక నేరాలు" అన్న పెద్ద అంకె కూడా అంతే. దెబ్బ తగలని తోపులాటలూ, వెంటపడి వేధించడాలూ అందులోకే వస్తాయి.

దేశం మొత్తం చూస్తే 1990ల మధ్యనాటితో పోల్చినప్పుడు ఇళ్ల దొంగతనాలు మూడొంతులకు పైగా తగ్గాయి. దుకాణాల్లో చేతివాటం మాత్రం పెరిగింది. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇంగ్లండు, వేల్సుల్లో 5 లక్షల 30 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. మరి జనం ఎక్కువగా నష్టపోతున్నది దేనివల్ల? ఫోనులోంచీ లాప్‌టాప్‌లోంచీ జరిగే మోసాలవల్ల. జాతీయ నేర సర్వేలో పదింట నాలుగు నేరాలు అవే. కత్తి పట్టుకున్న కుర్రాడికి భయపడి వీధి మారే మనం, హోమ్ ఆఫీస్ అధికారినంటూ ఫోను చేసిన గొంతుకు వణికిపోయి డబ్బు పంపేస్తున్నాం. వీసా రద్దు చేస్తామని బెదిరించి హోమ్ ఆఫీస్ ఫోనులో డబ్బు అడగదు, ఎన్నడూ అడగదు! అలాంటి ఫోను వస్తే పెట్టేసి 159కి చేయండి, మీ బ్యాంకుకు కలుపుతారు. ఇల్లు కళ్లారా చూడకుండా అద్దె అడ్వాన్సు పంపవద్దని యూనివర్సిటీకి వచ్చే పిల్లలకు హైదరాబాదులో విమానం ఎక్కకముందే చెప్పండి.

ఇదంతా భయాన్ని కొట్టిపారేయడానికి చెబుతున్నది కాదు. 2020 జూన్ 20 సాయంత్రం ఫోర్బరీ గార్డెన్స్‌లో గడ్డిమీద కూర్చున్న ముగ్గురిని పొడిచి చంపారు. ఈ ఊరు దాన్ని మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. కానీ ఒక ఘోరాన్ని చూపించి ఊరినంతా వెలివేయడం వేరు, మన వీధికి కావలసింది అడిగి తెచ్చుకోవడం వేరు.

"చెబితే మాత్రం ఏం ఒరుగుతుంది? పట్టుకుంటారా, పెడతారా?" అంటారు. నిజమే, ఇళ్ల దొంగతనాల్లో ఎవరిమీదైనా అభియోగం మోపేది నూటికి పది కేసుల్లో కూడా లేదు. 2010 తర్వాత ఏడెనిమిదేళ్లలో ఇంగ్లండు, వేల్సుల్లో దాదాపు 20 వేల మంది పోలీసులను తగ్గించేశారు. ఆ తర్వాత మళ్లీ చేర్చుకున్నా, వీధి వీధీ తెలిసిన పాత పోలీసు అనుభవం రాత్రికి రాత్రి రాదు. ఈ కోపం మాకూ ఉంది. అందుకే అడుగుతున్నాం. ఇంట్లో దొంగతనం జరిగితే తప్పకుండా వచ్చి చూస్తామని 2022 అక్టోబరులో ఇంగ్లండు, వేల్సుల్లోని 43 పోలీసు దళాలూ మాట ఇచ్చాయి. ప్రతి పేటకూ పేరు తెలిసిన, నేరుగా మాట్లాడగలిగిన పోలీసు ఉంటాడని 2025లో ప్రభుత్వం హామీ ఇచ్చింది. థేమ్స్ వ్యాలీ పోలీసుల వెబ్‌సైటులో మీ పోస్టుకోడు కొడితే మీ పేట బృందం కనిపిస్తుంది. ఒక్కసారి చూసిపెట్టుకోండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోమని అడగాలంటే ముందు మనం ఫిర్యాదు చేసి ఉండాలి కదా! ఫిర్యాదు చేయగానే ఇచ్చే క్రైమ్ నంబరు లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ కూడా మన మొహం చూడదు.

ఇంకో భయం ఉంది, పైకి చెప్పుకోం. "పోలీసు, కేసు అంటే రేపు వీసాకు అడ్డమొస్తుందేమో!" సరైన వీసా మీద ఉన్నవాళ్లు బాధితులుగా ఫిర్యాదు చేసినందుకు వీసాకు ఏ ముప్పూ లేదు. ఇంగ్లిషులో తడబడతామనుకుంటే దుబాసి కావాలని అడగండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే క్రైమ్‌స్టాపర్స్ ఉంది, 0800 555 111. వాళ్లు మీ పేరు అడగరు.

ఇక ఇంటి సంగతి. ఇక్కడి ప్లాస్టిక్ తలుపులకు హ్యాండిల్ పైకెత్తితే తాళం పడిందనుకుంటాం. పడదు! పైకెత్తి తాళంచెవి కూడా తిప్పాలి, పగలైనా, పక్కవీధికి పాలకు వెళ్లినా. పెరటి తలుపుదీ అదే పద్ధతి. సందు గేటుకు గొళ్లెం పెట్టండి. మీరు రాకముందే ముందు గదిలో దీపం వెలిగేలా పది పౌన్ల లోపు టైమరు ఒకటి కొనండి. కారు తాళాలు గుమ్మం పక్కన మేకుకు వేలాడదీయకండి, తాళంచెవి సిగ్నల్‌ను గోడ బయటినుంచే పట్టి కారు ఎత్తుకుపోతున్నారు. గుమ్మానికి కట్టిన మామిడి తోరణం తీసేయమని మాత్రం మేం చెప్పం. దొంగకు భయపడి పండగ మానుకునే ఖర్మ మనకు పట్టలేదు.

బంగారం మాటకొస్తే, కాసులపేరు, వడ్డాణం, గాజులు, అమ్మమ్మ ఇచ్చిన నల్లపూసలు, అన్నీ మెట్ల కింద అలమరాలోనో, బియ్యం డబ్బాలోనో! వదినా, పిన్నీ, ఆ చోట్లన్నీ దొంగలకు కంఠతా వచ్చు. ఇక్కడి బ్యాంకులు చాలావరకు లాకర్లు ఎత్తేశాయి, ప్రైవేటు వాల్టులు ఉన్నాయి. 2015 ఈస్టర్ సెలవుల్లో లండన్ హాటన్ గార్డెన్ వాల్టు గోడకే కన్నం వేశారన్నది నిజమే. అయినా బియ్యం డబ్బాకన్నా వాల్టు వెయ్యి రెట్లు నయం. ఇంట్లోనే ఉంచుకుంటామంటే ప్రతి నగకూ ఫొటో తీయండి, తూకం రాసిపెట్టండి, రసీదులు భద్రం చేయండి. ఇన్సూరెన్సులో ఒక్కో వస్తువుకు పరిమితి ఉంటుంది. దాన్ని దాటే నగలను విడిగా పేరుపేరునా రాయించకపోతే చేతికొచ్చేది చిల్లరే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: ఇంటి ఓనరు ఇన్సూరెన్సు గోడలకే, మీ సామానుకు కాదు. నగలు పెట్టుకుని దిగిన ఫొటోలను "ఇండియా ప్రయాణం" అంటూ అందరికీ కనపడేలా పెట్టడం ఇల్లు ఖాళీ అని బోర్డు కట్టడమే.

రాత్రి రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే నోరెత్తి మాట్లాడనక్కరలేదు. 61016కి మెసేజి పెట్టండి, రైల్వే పోలీసులకు చేరుతుంది. ప్రాణంమీదికి వస్తే మాత్రం 999, అత్యవసరం కానిదానికి 101. రంగునో, మతాన్నో, యాసనో పట్టుకుని తిడితే "పోనీలే" అనకండి. జాతివిద్వేషంతో చేసిన దాడికీ, వేధింపుకూ 1998 చట్టం ఎక్కువ శిక్ష పెట్టింది. 2024 ఆగస్టులో సౌత్‌పోర్ట్ హత్యల తర్వాత ఎన్ని ఊళ్లు రగిలాయో చూశాం. ఇప్పుడు దులుపుకుపోయిన ఒక్కో తిట్టూ రేపటి రాయికి ధైర్యమిస్తుంది. ఇండియానుంచి పెప్పర్ స్ప్రే తెచ్చుకునే అమ్మాయిలకు ఒక హెచ్చరిక: ఈ దేశంలో అది 1968 ఆయుధాల చట్టం కింద నిషిద్ధం, సంచిలో దొరికితే మీరే ముద్దాయి. గట్టిగా కూత పెట్టే చిన్న అలారం పెట్టుకోండి, దానికి అభ్యంతరం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా దాచిపెట్టే నేరం మన ఇళ్ల లోపలే ఉంది. భర్త చేతిలో దెబ్బలు తింటూ, భర్త వీసా మీద ఆధారపడి ఉన్నాను కదా అని నోరు మూసుకున్న చెల్లెళ్లకు చెబుతున్నాం. గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247కి ఏ వేళకైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మాట్లాడే వీలు లేకపోతే మొబైల్‌నుంచి 999 కొట్టి, అడిగినప్పుడు 55 నొక్కండి, పోలీసులకు కలుపుతారు. ఉద్యోగుల, విద్యార్థుల డిపెండెంట్ వీసా మీద వచ్చి హింస వల్ల విడిపోయిన భార్యలకు 2024 ఫిబ్రవరి నుంచి మూడు నెలలపాటు విడిగా ఉండే అనుమతీ, ప్రభుత్వ సాయం అడిగే వీలూ ఉన్నాయి. ఆ అనుమతికి దరఖాస్తు చేసుకునేముందు మంచి ఇమిగ్రేషన్ లాయరును కలవండి. "సంసారం అన్నాక సర్దుకోవాలమ్మా" అనే పెద్దలారా, ఈ ఒక్క విషయంలో దయచేసి మాట్లాడకండి.

చివరిది, మనవాళ్లలో చాలామందికి తెలియనిది. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా మీకు ఇక్కడ ఓటుంది! కామన్వెల్త్ పౌరులు సక్రమ వీసా మీద ఇక్కడ నివసిస్తుంటే కౌన్సిల్ ఎన్నికల్లోనూ, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదుకు అయిదు నిమిషాలు చాలు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర పెట్టుకోండి. పోలింగు రోజున గుర్తింపు కార్డుగా మన పాస్‌పోర్టే చెల్లుతుంది. 2012లో మొదటిసారి పోలీస్ కమిషనర్లను ఎన్నుకున్నప్పుడు ఓటేసింది నూటికి పదిహేను మంది. ఎవరూ అడగని చోట గట్టిగా అడిగే నలుగురి మాట చెల్లుతుంది. కౌన్సిలూ పోలీసులూ కలిసి నేరాల నివారణకు పథకం వేయాలని 1998 చట్టం చెబుతోంది. కెన్నెట్ నది ఒడ్డు దారిలో దీపం ఎందుకు లేదని మీ వార్డు కౌన్సిలరును అడగండి. వీధిచివర అదే గోల, అదే బెదిరింపు ఆగకపోతే ఆర్నెల్లలో మూడుసార్లు ఫిర్యాదు చేసి, ఆ కేసును తిరిగి పరిశీలించమని కోరే హక్కు 2014 చట్టం మీకు ఇచ్చింది. మూడుసార్లు! వాట్సాప్‌లో కాదు, కాగితం మీద!

దీపావళి లోపు మీ పక్కింటి తలుపు తట్టండి. తెలుగువాళ్లయినా, పంజాబీలయినా, నేపాలీలయినా, ఇంగ్లిషువాళ్లయినా సరే, ఓ డబ్బా లడ్డూలు పట్టుకెళ్లి ఫోను నంబరు ఇచ్చిపుచ్చుకోండి. ఈ వారమే ఓటు నమోదు చేసుకోండి. నిరుడు జరిగి మీరు చెప్పకుండా వదిలేసింది ఏదైనా ఉంటే ఈ రాత్రే 101కి చెప్పండి. ఈ కాగితం చదివాక చెత్తబుట్టలో వేయకుండా ఇంకో ఇంటికి ఇవ్వండి.

ఇట్లు,
మీ పక్క వీధి తెలుగువాళ్లు