పుట్టగొడుగుకు వేరు లేదా? గూడూరు అడవి, ఒక నుడికారం, ఒక చట్టం

ఆధారం లేకుండా, హఠాత్తుగా, లెక్కకు మించి తలెత్తేవాటిని 'పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి' అనడం తెలుగు పత్రికారచనలో పరిపాటి. ఆంగ్లంలోనూ ఇదే అర్థచ్ఛాయ ఉన్నది. వాడుకలో చెల్లిపోతున్నప్పటికీ ఈ పోలిక వస్తుతః అసత్యం. అటవీ పాలన కూడా ఈ భావన మీదనే నిలబడి ఉన్నది: అడవిలో దానంతట అది మొలిచినది ఎవరి శ్రమా కాదు, కనుక ఎవరి హక్కూ కాదు.

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం పాకాల అభయారణ్యం చేరువలో ఉన్నది. కోయలు, లంబాడీలు నివసించే ఈ ప్రాంతపు అడవిలో తొలకరి తరువాత ఏరుకునే పుట్టకొక్కు టెర్మిటోమైసెస్ అనే ప్రజాతికి చెందినది. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి పుట్టలోపల స్పంజులాంటి గూళ్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచి పోషిస్తాయి. వాన తడి లోపలికి దిగినప్పుడు ఆ గూటి నుంచి కాడ బయలుదేరి, మట్టిని చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పుతుంది. జాగ్రత్తగా తవ్వి చూస్తే ఆ కాడ వేరులా సన్నబడుతూ గూటిదాకా దిగి ఉంటుంది. వేరులేనితనానికి ఉపమానంగా తెచ్చుకున్నది ఇటువంటి దానిని! 'పుట్ట' అనే పూర్వపదంలోనే చెదకూ శిలీంధ్రానికీ గల సంబంధాన్ని పలికిన భాష ఇది. ఆ పదాన్ని నిత్యం వాడుతూనే అందులోని జ్ఞానాన్ని పోగొట్టుకున్నది మాత్రం చదువుకున్న వర్గం. అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలో దొరికే బటన్ పుట్టగొడుగుకు పుట్టతో ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం అరువు.

ఆనా త్సింగ్ 2015లో వెలువరించిన గ్రంథం మత్సుతాకే అనే పుట్టగొడుగును ఆధారం చేసుకొని, ధ్వంసమైన నేలల్లో బతుకు ఎలా సాగుతుందో చర్చించింది. అమెరికాలోని ఒరెగాన్‌లో నరికివేతకు గురైన అడవుల్లో ఆగ్నేయాసియా శరణార్థులు దానిని ఏరితే, అది విమానమెక్కి జపాన్ చేరుతుంది. గొప్ప పరిశీలన. అయితే 'శిథిలాల్లోనూ జీవం మొలుస్తుంది' అనే ఓదార్పుగా దానిని కుదించి గూడూరుకు అన్వయించడం అన్యాయం. మత్సుతాకే చెదిరిన అడవిలో పైన్ చెట్లను ఆశ్రయించి పెరుగుతుంది. పుట్టకొక్కుకు పుట్టే ఆధారం. యంత్రాలతో నేలను చదునుచేసి జామాయిల్ నాటిన చోట పుట్ట మిగలదు, కొక్కూ మిగలదు. అది కోసిన మరునాటికే చెడుతుంది గనుక విమానమూ ఎక్కదు. ఈ అడవుల నుంచి దూరప్రాంతాలకు తరలిపోయినవి వేరు. పూర్వపు వరంగల్ జిల్లాలోనే, మంగపేట మండలం కమలాపురంలో, వెదురును, జామాయిల్ కర్రను రేయాన్ గుజ్జుగా మార్చిన కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. కార్మికులు వీధినపడ్డారు. వెదురు నరికిన అడవి వెనుకటి అడవి కాలేదు. శిథిలానికి కర్తలు ఉన్నారని చెప్పకుండా శిథిలాల్లోని సౌందర్యాన్ని వర్ణించడం పరిశోధన అనిపించుకోదు.

విపణి కోరిన ఆకుకు మాత్రం రాజ్యం కొలత కట్టింది. తునికాకుకు యాభై ఆకుల కట్ట, కల్లం, గుత్తేదారు, 1971 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం ఉన్నాయి. ఇక్కడ 'చిన్న' అన్నది ఎవరి దృష్టిలో? కలపను లెక్కించే ఖజానా దృష్టిలో. వానకాలపు కూరను అడవి నుంచి తెచ్చుకునే ఇంటికి టేకు దుంగ చిన్నది, కొక్కు పెద్దది. దానిని విపణిలోకి లాగి ధర కట్టాలని అడగడం కూడా పరిష్కారం కాదు; ముందుగా దక్కవలసింది పుట్ట ఉన్న నేల మీద హక్కు.

2023 జూన్‌లో మొదలైన పోడు పట్టాల పంపిణీ సాగుభూమికి సంబంధించినది. పుట్టలు ఉన్న అడవి ఏ ఒక్కరి పట్టాలోనూ ఇమడదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్ సంప్రదాయంగా సేకరించే చిన్నతరహా ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. అయితే ఆ ఉత్పత్తులను నిర్వచిస్తూ 'వృక్షజాతి నుంచి లభించేవి' అన్నది. శిలీంధ్రం వృక్షం కాదని జీవశాస్త్రం చదివిన అధికారి ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కానీ అదే నిర్వచనం తేనెను, మైనాన్ని, లక్కను, పట్టుగూళ్లను పేరుపేరునా చేర్చుకొన్నది. అవి ఏ చెట్టుకు కాసినవి? కీటకం చేసిన లక్క ఆ జాబితాలో ఉండగా, కీటకం పెంచిన కొక్కును కాదనే వీలు లేదు. సామూహిక హక్కుల కోసం గ్రామసభకు సమర్పించే ఫారం-బిలో చిన్నతరహా ఉత్పత్తుల గడి ఉన్నది. 'పుట్టకొక్కు' అని తెలుగులోనే అందులో రాయవచ్చు.