చేతులు కడుక్కుంటే చాలదు

యేసుక్రీస్తులో ఏ దోషమూ లేదని రోమా అధిపతి పిలాతుకు బాగా తెలుసు. ఆ మాట అతనే పదేపదే అన్నాడు. యూదు మతపెద్దలు అసూయతోనే ఆయన్ను అప్పగించారనీ గ్రహించాడు (మత్తయి 27:18). అయినా సిలువ మరణానికి అప్పగించాడు. ఆయన్ను వదిలేస్తే నువ్వు కైసరు స్నేహితుడివి కావన్న ఒక్క బెదిరింపు అందుకు చాలింది (యోహాను 19:12). న్యాయపీఠం మీద ఆ రోజు కూర్చున్నది పిలాతు కాదు, అతని భయం!

ఆ భయం గురించి స్టాలిన్ పాలనలో ఒక రష్యన్ రచయిత దాదాపు పన్నెండేళ్లు నవల రాశాడు. ఆయన మిహయిల్ బుల్గాకోవ్. తండ్రి కీవ్‌లో వేదాంత విద్యాలయ అధ్యాపకుడు. 1929 నాటికి బుల్గాకోవ్ నాటకాలన్నీ నిషేధానికి గురయ్యాయి. 1930లో నవల రాతప్రతిని తన చేతులతోనే పొయ్యిలో వేశాడు. ఆ ఏప్రిల్ 18న స్టాలిన్ స్వయంగా ఫోన్ చేశాక నాటకశాలలో ఉద్యోగమైతే దొరికింది కానీ కలానికి స్వేచ్ఛ దొరకలేదు. అయినా నవలను మళ్లీ మొదటినుండి రాశాడు. చివరి రోజుల్లో చూపు మందగిస్తున్నా భార్య ఎలేనాకు దిద్దుబాట్లు చెబుతూ, 1940 మార్చి 10న 48 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ నవలే ‘మాస్టర్ అండ్ మార్గరీట’. 1966-67లో ఎన్నో కత్తిరింపులతో గానీ అది వెలుగు చూడలేదు.

అందులో ‘మాస్టర్’ పిలాతు మీద నవల రాసిన మేధావి. నాస్తిక ప్రభుత్వ కాలంలో క్రీస్తును సమర్థించాడంటూ విమర్శకులు అతని మీద విరుచుకుపడతారు. అక్టోబరులో ఒక రాత్రి అతని కిటికీ మీద ఎవరో తట్టారు. జనవరిలో గుండీలు తెగిన కోటుతో అతను మళ్లీ బయట కనిపించాడు. అప్పటికి మనిషి లోపల విరిగిపోయాడు. ఇక నవలలోని పిలాతుకు దాదాపు రెండు వేల ఏళ్లుగా పౌర్ణమి వచ్చిందంటే నిద్రలేదు, శాంతి లేదు. తాను చంపించిన ఆ నిర్దోషితో ఒక్కసారి మాట్లాడాలన్నదే అతని తపన. నవలలోని యేసు సువార్తల్లోని రక్షకుడు కాడు, కాబట్టి అది వేదపాఠమూ కాదు. కానీ పిరికితనాన్ని మించిన పాపం లేదన్న దాని హెచ్చరిక మాత్రం విశ్వాసులకు అక్షరాలా వర్తిస్తుంది. నియంత ఒక్కడే ఏమీ చేయలేడు. నిజం తెలిసీ సంతకం పెట్టేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు, తల తిప్పుకునేవాళ్లు అతనికి కావాలి.

సిలువ చుట్టూ భయపడినవాళ్లు ఇంకా ఉన్నారు. పేతురు భయపడి ప్రభువును ఎరుగనన్నాడు. కానీ వెలుపలికి వెళ్లి సంతాపపడి ఏడ్చాడు, ప్రభువు అతన్ని మళ్లీ నిలబెట్టాడు. అరిమతయియ యోసేపు మహాసభ సభ్యుడు, చదువూ హోదా ఉన్నవాడు. యూదులకు భయపడి రహస్య శిష్యుడిగానే ఉండిపోయాడు. కానీ ప్రభువు మరణించాక తెగించి, అదే పిలాతు ముందుకెళ్లి ఆయన దేహాన్ని అడిగాడు (మార్కు 15:43). భయం ముగ్గురికీ ఉంది. పిలాతు నీళ్లతో చేతులు కడుక్కున్నాడు, పేతురు కన్నీళ్లతో హృదయాన్ని కడుక్కున్నాడు, యోసేపు ఆ చేతులతోనే ప్రభువు దేహాన్ని మోశాడు!

ఈనాడు మన తలుపు ఏ రహస్య పోలీసులూ తట్టకపోవచ్చు. కానీ ఆఫీసులో నిర్దోషి మీద నింద పడినప్పుడు, చర్చిలో పలుకుబడి ఉన్నవాడు పేదవాడికి అన్యాయం చేసినప్పుడు, మనకెందుకులే అని కళ్లు మూసుకుంటే అక్కడొక పిలాతు పళ్లెం సిద్ధమైనట్టే. భయపడటం పాపం కాదు, భయాన్ని యజమానిని చేసుకోవడం పాపం. పళ్లెం పక్కన పెట్టి నోరు విప్పేవాడే సిలువకు సాక్షి.