ఆరు నెలల గడువు ఎవరి మేలు కోసం?

రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న కూలీకీ, ఇంటిపెద్దను కోల్పోయిన వితంతువుకూ లభించే నష్టపరిహారం ఎవరి దానమూ కాదు, అది హక్కు. ప్రతి వాహన యజమానీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరిగా చేయించవలసి వస్తున్నది ఈ హక్కు కోసమే. ఆ హక్కుకు 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం గండి కొట్టింది. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా దాఖలు కాని దరఖాస్తును ట్రిబ్యునల్ స్వీకరించరాదని 166(3) సెక్షన్ శాసిస్తున్నది. 2022 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో ఉన్నది.

ఇటువంటి గడువు 1988 చట్టంలోనూ ఉండేది. బాధితులకు అది అన్యాయమని గ్రహించి 1994లో పార్లమెంటే దానిని తొలగించింది. పావు శతాబ్దం తరువాత అదే పార్లమెంటు దానిని తిరిగి తెచ్చింది. ఈసారి ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని కూడా ట్రిబ్యునల్‌కు ఇవ్వలేదు. ఇచ్చిన అప్పు రాబట్టుకోవడానికి మూడేళ్ళ గడువున్న దేశంలో, పోయిన ప్రాణానికి ఆరు నెలలేనా?

మన జహీరాబాద్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి సాగుతున్నది. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు, తోపుడుబండ్ల వారు ఆ రహదారి మీదనే బ్రతుకుతున్నారు. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడేవారు ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. సెలవు జీతమూ పెన్షనూ లేని ఈ కుటుంబాలకు నష్టపరిహారమే దిక్కు.

గాయపడినవాడు మంచం దిగడానికే నెలలు పడుతుంది. చికిత్స ముగియనిదే వైకల్య ధ్రువపత్రం రాదు. భర్తను కోల్పోయిన మన సోదరి నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. అవసరానికి పగటివేళ బయటికి వెళ్ళవచ్చని ఫుఖహాలు చెప్పినా, ఆచారమూ దుఃఖమూ ఆమెను గడప దాటనివ్వవు. ఇద్దత్ ముగిసేసరికి మిగిలేది యాభై రోజులే. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం నివేదిక, వారసత్వ పత్రం ఆ యాభై రోజులలో చేతికందుతాయా? దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన నేను, అందుతాయని చెప్పలేను.

దొంగ క్లెయిములను అరికట్టడానికే గడువు అంటున్నారు. దొంగ క్లెయిమును పట్టేది విచారణ, క్యాలెండరు కాదు. మోసగాడు ఆరు నెలలలోపే కాగితాలు సిద్ధం చేసుకోగలడు; నష్టపోయేది అమాయకుడే. పోలీసులు మూడు నెలలలో పంపే ప్రమాద నివేదికనే దరఖాస్తుగా పరిగణిస్తారు కదా అంటున్నారు. వారు పంపకపోతే శిక్ష బాధితునికా? తప్పెవరిదని చూడకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇస్తున్నామంటున్నారు. ముప్పయ్యేళ్ళ వాని జీవితకాల సంపాదనకు అది సాటి రాదు. వయస్సునూ ఆదాయాన్నీ లెక్కించి పూర్తి పరిహారం పొందాలంటే 166వ సెక్షనే మార్గం.

గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇది ఊరటే గాని తుది తీర్పు కాదు. 166(3)ను రద్దు చేయాలని మన పార్లమెంటు సభ్యులను నిలదీద్దాం.

పొరపాటున ప్రాణం తీసినా హతుని కుటుంబానికి పరిహారం చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. ఆ హక్కును కాపాడడం మన బాధ్యత. ప్రతి మస్జిద్ కమిటీ చదువుకున్న ఇద్దరు యువకులను ఇందుకు నియమించాలి. జనాజా నమాజుతో మన విధి ముగియదు. మరునాడే ఆ ఇంటికి వెళ్ళి, కాగితాలు సేకరించి, వకాలత్‌నామాపై సంతకం అక్కడే చేయించాలి.