లాప్‌టాప్ కొనునపుడు మొదట చూడవలసినది తెర

పదవతరగతి గాని ఇంటర్మీడియెటు గాని ముగియగానే పిల్లలకు లాప్‌టాప్ కొనియీయవలెనను సంకల్పము నేడు పెక్కు గృహములయందు గలుగుచున్నది. కొందఱు తలిదండ్రుల కది రెండుమూడు నెలల జీతము. మఱికొందఱ కొక పంటపై మిగిలిన సొమ్మంతయు నదియే. ఇంత ధనము వెచ్చించి కొను వస్తువును పావుగంటసేపైనను పరీక్షింపక, దుకాణదారు చెప్పిన నాలుగంకెలు విని యింటికి దెచ్చుట మాకు విచారకరముగ దోచుచున్నది. ఆ యంకెలలో ప్రాసెసరు పేరుండును, మెమరీ యెంతయో యుండును. తెరను గూర్చి మాత్రము దాని పొడవు చెప్పి యూరకుందురు. పుస్తకము కొనువాడు బరువు నడిగి అచ్చెట్లున్నదో చూడకుండుట యెట్టిదో, యిదియు నట్టిదే.

మా యభిప్రాయము స్పష్టముగ జెప్పుదుము. చదువుకొను విద్యార్థికి లాప్‌టాప్‌నందు తెరయే ప్రధానము; తక్కినవి దాని తరువాతివి. మెమరీ చాలనిచో, తగిన యమరికగల యంత్రములందు మఱికొంత చేర్పింపవచ్చును. ఎస్.ఎస్.డి. నిండినచో పెద్దది వేయింపవచ్చును. (పలుచని యంత్రములు కొన్నిటిలో మెమరీని లోపలి పలకకే యతికించుచున్నారు. కావున కొనుటకు ముందే యడిగి తెలిసికొనవలెను.) తెర యట్లు కాదు. దానిని మార్పించుట వ్యయముతో గూడిన పని. సరిపడునది దొరకుటయు సులభము కాదు. నేడు కొన్న తెరనే బాలుడు నాలుగైదేండ్లు, దినమునకు గంటలకొలది, చూడవలసియుండును.

తెర మిక్కిలి చిన్న చుక్కలతో నేర్పడును. వానిని పిక్సెలు లందురు. చవక యంత్రములలో, ముఖ్యముగ పాతవానిని బాగుచేసి యమ్మువానిలో, 1366×768 చుక్కల తెరలు కానవచ్చుచుండును. 15.6 అంగుళముల తెరపై నివి యంగుళమునకు సుమారు 100 పడును. అదే కొలత తెరపై 1920×1080 చుక్కలున్నచో అంగుళమునకు సుమారు 141 పడును. ఇంగ్లీషు చదువునపుడీ భేద మంతగా దోపకపోవచ్చును. తెలుగు చదువునపుడు వెంటనే తెలియును. మన యక్షరము పైన గుడియు, క్రింద వత్తును ధరించి, ఒక్కొక్కచో మూడంతస్తుల మేడవలె నుండును. 'థ'కును 'ధ'కును నడిమి చుక్కయే భేదము. 'కి' 'కీ'ల భేదము తుదనున్న చిన్న వంపు. 'స్వాతంత్ర్యము' అను మాటను చిన్న యక్షరములతో తక్కువ చుక్కల తెరపై జూచినచో, క్రింది వత్తులు రెండును గలిసి యొక మరకవలె గనబడును. అక్షరములను పెద్దవి చేసికొనవచ్చును గదా యందురు. నిజమే, కాని యపుడు పుటలో సగము తెర దాటిపోవును, చదువువాడు మాటిమాటికి పైకి క్రిందికి జరుపుచుండవలెను. ఈ కారణముచేతనే 1920×1200 చుక్కలు గల, కొంచెము నిలువెక్కువైన తెర దొరకినచో దానినే తీసికొనుడని మేము చెప్పుదుము. పాఠము మఱి రెండుమూడు పంక్తు లెక్కువ కనబడును.

చుక్కలు సరిపోయినంత మాత్రమున తెర మంచిది కాదు. టి.ఎన్. అను పాతవిధపు తెరను ఎదుటనుండి చూచిన బాగుగనే యుండును. కొంచెము పైనుండి గాని క్రిందనుండి గాని చూచినచో రంగులు తాఱుమా ఱగును. ఐ.పి.ఎస్. అను విధమునందు ఈ దోషము చాల తక్కువ. ఇండ్లలో అన్నయు చెల్లెలును ఒకే యంత్రము ముందు గూర్చుండి చదువుకొనుట సామాన్యము గనుక, ప్రక్కనుండి చూచువారికిని పాఠము కనబడవలెను గదా. వెలుతురును నిట్లలో గొలుతురు. చవక తెరలు 220 మొదలు 250 నిట్ల వఱకు నుండును. గదిలోపల నివి చాలును. వరండాలోనో కిటికీ ప్రక్కనో చదువువారికి 300 నిట్లకు తక్కువ గాకుండుట మేలు. అద్దమువలె మెఱయు తెర అంగడిలో సొగసుగ నుండును గాని, యింటికి వచ్చినపిమ్మట చదువువాని ముఖమును, వెనుకనున్న తలుపును జూపును.

రంగుల విషయమున మేమంత పట్టుపట్టము. చిత్రలేఖనము, ఫొటోలు దిద్దుట నేర్చువారికి ఎస్.ఆర్.జి.బి. యను కొలతలో నూటికి నూఱుపాళ్లకు చేరువైన తెర యవసరము. లెక్కలు, వ్యాసములు వ్రాసికొనువారికి అది లేకున్నను గడచును.

ఇన్ని కోరినచో ధర పెరుగదా? పెరుగును. ఆ మిగులును ప్రాసెసరునందు వెదకవలెను. ఐ3 కంటె ఐ7 ఎల్లపుడు గొప్పదను నమ్మకము సరి కాదు. ఇంటెల్ వారి ఐ7-7500యు, 2016వ సంవత్సరపుది, రెండు కోరులు గలది; 2022 నాటి ఐ3-1215యు ఆఱు కోరులు గలది. పేరులోని మొదటి యంకెకంటె ఏ తరమున బుట్టినదో ముఖ్యము. పాఠశాల పనులకు నూతనతరపు ఐ3 గాని, దానికి సాటియైన రైజెన్ గాని చాలును. మెమరీ 8 జీబీకి తగ్గరాదు; 16 ఉన్న మంచిది. ఎస్.ఎస్.డి.ని మాత్రము ఏ ధరకును వదలుకొనరాదు. 14 అంగుళముల తెరపై 4కే చుక్కలు బ్యాటరీకి భారమే గాని విద్యార్థికి లాభము స్వల్పము. ఆటల యంత్రములు బరువు, వేడి, చప్పుడు గలవి; యంత్రభాగముల నమూనాలు గీయు చదువునకు వానితో పనిబడవచ్చును, తక్కినవారికి లేదు.

ధన మంతకును చాలనివారి కొక యుపాయము గలదు. సాధారణమైన తెరగల చవక యంత్రమును గొని, యింటియందు 22 లేక 24 అంగుళముల విడి మానిటరును దానికి దగిలింపవచ్చును. బాలుడు మెడ వంచక కూర్చుండును. మానిటరు తరువాతి యంత్రమునకును బనికివచ్చును. తెర చెడ్డదైనచో కన్నులు పోవునని మేము చెప్పము. కాని యలసటతో పాఠము విడిచి లేచుట మా కంప్యూటరు గదిలో తఱచు చూచుచున్నాము. మంచి తెరయైనను నడుమనడుమ దూరముగ చూపు నిలిపి కన్నులకు విశ్రాంతి నీయవలసినదే.

అంగడిలో తెరలపై నెమళ్లు, పూవులు ఆడుచుండును. అవి ఏ తెరపైనను అందముగనే యుండును. మీరు తెలుగు పాఠమొకటి పెన్‌డ్రైవులో దీసికొనిపోయి, చిన్న యక్షరములతో దెఱపించి చదువుడు. వెలుతురు పూర్తిగ బెంచి, తలుపువైపునకు ద్రిప్పి చూడుడు. లేచి నిలిచి పైనుండి చూడుడు. ఒకే పేరుగల యంత్రమును రెండుమూడు విధముల తెరలతో నమ్ముట కలదు. కావున పెట్టెపైనున్న పూర్తి మోడలు సంఖ్యను వ్రాసికొని, తయారీదారులు ప్రకటించిన వివరములతో సరిచూచిన పిదపనే సొమ్ము చెల్లింపుడు.