సీరియల్ అభిమానం వ్యాధి కాదు

టెలివిజన్ ధారావాహికలను క్రమం తప్పకుండా చూసేవారిని చులకన చేసి మాట్లాడటం మన సమాజంలో ఒక అలవాటుగా స్థిరపడిపోయింది. ఐదు రోజులపాటు క్రికెట్ చూసిన మగవానిని క్రీడాభిమాని అంటాము. రోజుకు అరగంట ఒక కథను అనుసరించే ఇల్లాలిని మాత్రం సీరియల్ పిచ్చిది అంటాము. ఈ ధోరణికి వైద్యులు కూడా అతీతులు కారు. రక్తపోటు పెరిగినా, మధుమేహం అదుపు తప్పినా, నిద్ర పట్టకపోయినా, ఆ తల్లికి మొట్టమొదట లభించే సలహా ‘టీవీ చూడటం మానెయ్యమ్మా’ అన్నదే.

నా అభిప్రాయం వేరు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలో, ఉదయగిరి, ఆత్మకూరు పరిసరాలలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేసినవాడిగా చెబుతున్నాను. ఈ అభిమానం వ్యాధి కాదు. దానికి బలమైన మానవీయ కారణాలు ఉన్నాయి. దానిలో మనుషుల ఆలోచనను మార్చగల శక్తి కూడా ఉంది. శక్తి ఉన్నచోట బాధ్యతను గుర్తుచేయాలి. అయితే ఆ బాధ్యతను ముందుగా గుర్తుచేయవలసింది చూసేవారికి కాదు, కథలు అల్లి ప్రసారం చేసేవారికి.

ఇంటింటి వంటలక్క

మన కాలంలో అత్యంత ఆదరణ పొందిన తెలుగు ధారావాహికనే ఉదాహరణగా తీసుకుందాము. ‘కార్తీక దీపం’ 2017 అక్టోబరు 16న స్టార్ మా ఛానల్‌లో మొదలై, 2023 జనవరి 23న ముగిసింది. 1500కు పైగా భాగాలు ప్రసారమయ్యాయి. మలయాళంలో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. నల్లని ఛాయ గల దీప, ఆమె భర్త గుండె వైద్యుడు కార్తీక్, అతనిని తన సొంతం చేసుకోదలచిన మరో వైద్యురాలు మోనిత ఇందులో ప్రధాన పాత్రలు. భర్త అనుమానానికి గురై ఇల్లు విడిచిన దీప, వంటలు చేసి అమ్ముకుంటూ బిడ్డను పెంచుతుంది. ఆ వంటలక్కను, ఆ డాక్టర్ బాబును ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. 2024 మార్చిలో అదే నటీనటులతో కొత్త కథగా రెండవ ధారావాహిక మొదలైనదంటే, ఆ అభిమానం ఎంత గట్టిదో ఊహించవచ్చు.

ఈ అభిమానం ఒక్కరోజులో పుట్టినది కాదు. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైన తరువాత, ఆదివారం ఉదయం పెట్టె ఉన్న ఇంటి ముందు ఊరంతా చేరేది. ఆ తరువాత ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, 2008 నుండి 2013 వరకు ‘మొగలిరేకులు’ వరుసగా మన సాయంకాలాలను ఆక్రమించాయి. నా ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాలలో, పరీక్ష బల్లమీద పడుకున్న తల్లులు తమ నొప్పితోపాటు ఆర్.కె.నాయుడి కష్టం కూడా చెప్పేవారు. విశ్రాంత జీవితంలో సలహా కోసం వచ్చేవారు దీప కష్టం చెప్పారు. పాత్రలు మారాయి, అనుబంధం మారలేదు.

ఎందుకింత అనుబంధం?

మన మెట్ట మండలాలలో వర్షాధారమైన చేలు, అప్పుడప్పుడు ఎండిపోయే బోర్లు, పని వెదుక్కుంటూ బెంగళూరుకు, చెన్నైకి, హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు వెళ్లిన పిల్లలు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో మిగిలేది వృద్ధ దంపతులు, లేదా ఒంటరి తల్లి. పగలంతా కూలిపనిలోనో, పశువుల వెంటనో, ఉదయగిరిలోనైతే కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కడంలోనో గడిచిపోతుంది. దీపాలు పెట్టే వేళకు ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు ప్రతిరోజూ అదే సమయానికి, పిలవకుండానే వచ్చి పలకరించే ముఖాలు ఆ తెరమీదివే.

మనస్తత్వ శాస్త్రానికి ఈ అనుబంధం కొత్తది కాదు. డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 1956లోనే దీనిని వివరించారు. తెరమీది మనిషికి మనం ఎవరమో తెలియదు. అయినా మన మనస్సు ఆ మనిషిని పరిచయస్థుల జాబితాలో చేర్చుకుంటుంది. ఇది బుద్ధిహీనత కాదు. మాటను, ముఖాన్ని పదేపదే ఎదుర్కొన్నప్పుడు మానవ మస్తిష్కం సహజంగా చేసే పని. అందుకే ధారావాహిక ముగిసినప్పుడు కొందరు కొద్దిరోజులు దిగులు పడతారు. అది ఆత్మీయులు దూరమైనప్పటి దిగులుకు చిన్నపాటి రూపం. నవ్వవలసిన విషయం కాదు.

మరొక లాభం కూడా ఉంది. నిన్నటి భాగం గురించి పక్కింటివారితో చర్చ, ఫోనులో కూతురితో వాదన, ‘రేపేమి జరుగుతుందో’ అన్న ఎదురుచూపు, ఇవన్నీ మనిషిని మనుషులతో కలిపి ఉంచుతాయి. వృద్ధాప్యంలో ఒంటరితనం శరీరానికీ, మనస్సుకూ హాని చేస్తుందని నేడు వైద్యలోకం అంగీకరిస్తున్నది. ఆ ఒంటరితనానికి కాస్తంత ఉపశమనం ఇచ్చే వస్తువును ‘మానెయ్యి’ అనేముందు, దాని స్థానంలో మనమేమి ఇవ్వగలమో చెప్పాలి.

కథకు ఉన్న బలం

కల్పిత కథ మనిషిని కదిలిస్తుందా అన్న సందేహం ఉన్నవారు ఉదయగిరి ప్రాంతం నుండి దూరం వెళ్లనక్కరలేదు. కలిగిరి మండలంలోని దూబగుంటను గుర్తుచేసుకుంటే చాలు. 1990ల తొలి సంవత్సరాలలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రిబడులు నడిచాయి. అక్కడి వాచకంలో సారా వలన చితికిపోయిన కుటుంబాన్ని చిత్రించే సీతమ్మ కథ ఒక పాఠం. అది చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ స్త్రీల బాధ కథలో పుట్టినది కాదు, వారి ఇళ్లలోనిదే. కాని ఆ బాధను నలుగురిలో చెప్పుకోవడానికి సీతమ్మ వారికి మాట ఇచ్చింది.

టెలివిజన్‌కు కూడా ఇటువంటి చరిత్ర ఉంది. 1984 జులైలో దూరదర్శన్ మొదలుపెట్టిన ‘హమ్ లోగ్’ను కుటుంబ నియంత్రణ, స్త్రీల గౌరవం వంటి విషయాలను కథలో కలిపి చెప్పడానికే రూపొందించారు. మెక్సికోలో మిగుయెల్ సబీదో చేసిన ప్రయోగాలు దానికి ఆదర్శం. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో ముచ్చటించేవారు. మన దేశంలోని గ్రామాలకు కేబుల్ టీవీ వచ్చిన తరువాత కలిగిన మార్పులను రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2009లో ప్రచురించారు. భార్యను కొట్టడం సమంజసమే అనే భావన, కొడుకే కావాలనే పట్టుదల స్త్రీలలో తగ్గినట్లు వారు గమనించారు. సీరియల్ చూడటం కాలహరణం మాత్రమే అనేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి.

కథలో తప్పిన వైద్యం

ఇంతటి శక్తి ఉన్నందువల్లనే, ధారావాహికలలో కనిపించే తప్పుడు వైద్యం నన్ను కలవరపెడుతుంది. మూడు విషయాలు చెబుతాను.

మొదటిది, ఒక్క నివేదికను నమ్మి మనిషిని శిక్షించడం. ‘కార్తీక దీపం’ కథకు ఇరుసు ఇదే. తనకు పిల్లలు పుట్టరని మోనిత చేసిన మోసాన్ని నమ్మి, కార్తీక్ గర్భవతి అయిన భార్యను అనుమానిస్తాడు. అతడు స్వయంగా వైద్యుడు. ‘డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు కదా డాక్టర్ బాబూ’ అని ప్రేక్షకులు సంవత్సరాల తరబడి పరిహాసం చేశారు. పరిహాసం బాగుంది కాని, అసలు ప్రశ్న అంతకు ముందుదే. వీర్యపరీక్ష ఒకసారి బాగా లేనంత మాత్రాన పురుషునికి సంతానయోగ్యత లేదని తేల్చరాదు. జ్వరం, కొన్ని మందులు, పొగాకు, మద్యం వంటి కారణాల వల్ల ఫలితం మారుతుంది. శుక్రకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక, రెండు మూడు నెలల తరువాత మరొకసారి పరీక్షించాలి. ఇక డీఎన్ఏ పరీక్ష అనుమానానికి మందు కాదు. పితృత్వాన్ని తేల్చే రక్తపరీక్షలను యథాలాపంగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుందు కేసులోనే చెప్పింది.

ఇది కేవలం కథకు సంబంధించిన విషయం కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. కారణం స్త్రీలోనూ ఉండవచ్చు, పురుషునిలోనూ ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. మన పల్లెలలో మాత్రం పరీక్షలకు, మొక్కులకు, మాటలు పడటానికి భార్య ఒక్కతే వెళుతుంది. భర్త ఒక్క పరీక్ష అయినా చేయించుకోకముందే రెండవ పెళ్లి మాట వినిపిస్తుంది. ఏడాదిపాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లాలన్న ఒక్క సంభాషణను డాక్టర్ బాబు నోట పలికించి ఉంటే, ఎన్ని వేల ఇళ్లకు అది చేరేదో ఆలోచించండి.

రెండవది, ఛాయ. నల్లని కథానాయికను నిలబెట్టడం మెచ్చుకోదగిన విషయమే. కాని ఆ పాత్ర కోసం నటి ప్రేమి విశ్వనాథ్ ముఖానికి రంగు పూసి నల్లగా చూపవలసి వచ్చింది. కథలో ఛాయను గురించి జాలి పడి, ప్రకటన వేళ తెల్లబడమని చెప్పే తెర మనది. 2020లో ఒక ప్రసిద్ధ క్రీము తన పేరులో నుండి తెలుపును సూచించే మాటను తొలగించినా, కోరిక తొలగిపోలేదు. మన మందుల దుకాణాలలో అడిగి కొనుక్కునే కొన్ని క్రీములలో బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదట ముఖం మెరుస్తుంది. కొన్ని నెలలకు చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఎండకు మండుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 పూత మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. నలుపు వ్యాధి కాదు, దానికి చికిత్స అక్కరలేదు.

మూడవది, గుండెపోటు. ధారావాహికలలో ఒక చెడువార్త వినగానే పెద్దమనిషి ఎడమ రొమ్ము పట్టుకుని కుప్పకూలుతాడు. నిజమైన గుండెపోటు చాలాసార్లు అలా రాదు. ముఖ్యంగా స్త్రీలలో, వృద్ధులలో, మధుమేహం ఉన్నవారిలో ఆయాసం, చల్లని చెమటలు, దవడకో, వీపుకో, పొట్ట పైభాగానికో పాకే నొప్పి, కారణం లేని నీరసం, వాంతి మాత్రమే కనిపించవచ్చు. ‘గ్యాసు’ అనుకుని సోడా తాగి పడుకుంటారు. ఉదయగిరి నుండి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఇక్కడ పోగొట్టుకున్న ప్రతి అరగంటకూ గుండె కండరం మూల్యం చెల్లిస్తుంది. తెరమీద చూసిన లక్షణం కోసం ఎదురుచూడకండి. అనుమానం రాగానే 108కి ఫోను చేసి, దగ్గరి ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించండి.

చూసేవారికి కొన్ని సూచనలు

సీరియల్ మానవద్దు. దానిని గడియారంగా వాడుకోండి. మధుమేహం ఉన్నవారు ‘సీరియల్ అయిపోయినాక తింటాను సార్’ అంటారు. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుని, లేదా చక్కెర తగ్గించే మాత్ర వేసుకుని, కథలో పడి భోజనం జాప్యం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక దాని గుర్తులు. మొదటి సీరియల్‌కు ముందే భోజనం ముగించండి. రక్తపోటు మాత్రను ఆ వేళకే వైద్యుడు రాసి ఉంటే, శీర్షిక గీతం వినపడగానే వేసుకోండి. మరచిపోరు.

గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదన్నది మన దేశంలోని నిబంధన. సాయంత్రం మూడు గంటలు చూసేవారికి, ఆ లెక్కన 36 నిమిషాల వరకు ప్రకటనలే. ప్రకటన రాగానే లేచి వసారాలో, వాకిట్లో చురుకుగా నడవండి. వారానికి ఆరు రోజులు ఇలా చేస్తే 216 నిమిషాలు. పెద్దవారికి వారానికి 150 నిమిషాల వ్యాయామం చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సగం ప్రకటనలకు లేచినా చాలావరకు దగ్గరకు వస్తారు. చూస్తూ తినే కారబ్బూందీ, అప్పడాలు తగ్గించండి. రాత్రి పది తరువాత ఫోనులో పాత భాగాలు వెదకవద్దు. ఆ సమయం నిద్రకు చెందినది.

దూరాన ఉన్న కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు ఒక మనవి. ఫోను చేసినప్పుడు ‘మందులు వేసుకున్నావా అమ్మా’ అన్న ప్రశ్నతోపాటు ‘ఈరోజు దీపకు ఏమైంది’ అని కూడా అడగండి. ఆమె చెబుతున్నప్పుడు గొంతును గమనించండి. ఇన్నాళ్లు ఎంతో ఇష్టపడిన కథమీద ఆసక్తి ఒక్కసారిగా పోయినదంటే, సంతోషించవద్దు. అది మనోవ్యాకులతకు తొలి సూచన కావచ్చు. చెవులు వినపడకపోవడమో, కంటిలో శుక్లం ముదరడమో కూడా కారణం కావచ్చు. అప్పుడు వైద్యునికి చూపించాలి.

కథలు రాసేవారికి, ప్రసారం చేసేవారికి చెప్పవలసినది ఒక్కటే. అపార్థాలు, కుట్రలు, కన్నీళ్లు మీ ఇష్టం. అవి లేకపోతే కథ నడవదు. కాని తెరమీద వైద్యుడు మాట్లాడే ప్రతి సన్నివేశాన్ని చిత్రీకరణకు ముందు ఒక నిజమైన వైద్యునికి చదివి వినిపించండి. ఉదయగిరి కొండ కింద ఒంటరిగా కూర్చున్న ఒక తల్లి, మా మాటకంటే మీ డాక్టర్ బాబు మాటనే ఎక్కువగా నమ్ముతున్నది.