మూటగట్టుకెళ్లాల్సింది భూమినే

అంగారకుడిపై నగరం కట్టేస్తామని అమెరికా కుబేరులు ప్రకటించడం మామూలైపోయింది. 2025లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాక మన పిల్లల్లోనూ ఆ ఆశ మొలకెత్తింది. ఆశ మంచిదే. లెక్కలే మొండికేస్తున్నాయి.

గాలి లేనిచోట మనిషి ఎంతసేపు నిలుస్తాడు? 1966లో హ్యూస్టన్‌లోని నాసా పరీక్ష గదిలో జిమ్ లెబ్లాంక్ అనే సాంకేతిక నిపుణుడి సూటుకు గాలి గొట్టం ఊడిపోయింది. పదిహేను సెకన్లలోపే స్పృహ తప్పింది. నాలుకపై ఉమ్మి మరుగుతున్నట్టు అనిపించిందని, అదే తన చివరి జ్ఞాపకమని ఆయన తర్వాత చెప్పారు. వెంటనే గాలి నింపబట్టి ప్రాణం దక్కింది.

టార్డిగ్రేడ్ అనే సూక్ష్మజీవి మాత్రం ఘటికురాలే. మిల్లీమీటరు పొడవైనా సరిగా ఉండని ఈ జీవులను 2007లో యూరప్ శాస్త్రవేత్తలు పది రోజులు ఆరుబయట అంతరిక్షంలో ఉంచితే, కొన్ని బతికి బయటపడ్డాయి. శుక్లా యాత్రలోనూ వీటిపై ప్రయోగం జరిగింది. అయితే ఒంట్లో నీరంతా పోగొట్టుకుని ఎండుగింజలా పడి ఉంటేనే వాటికి అది సాధ్యం. తిండి, నడక, సంతానం ఏవీ ఉండవు. దాన్ని చూసి మనిషీ బతికేస్తాడనుకుంటే ఎలా?

మనకు అందుబాటులో ఉన్నవాటిలో అంగారకుడే నయం. అక్కడా గాలి ఒత్తిడి భూమిపై ఉన్నదాంట్లో నూటికి ఒక వంతైనా లేదు. సగటు చలి సున్నాకు 60 డిగ్రీలు దిగువన. మట్టిలో థైరాయిడ్‌ను దెబ్బతీసే పెర్‌క్లోరేట్ లవణాలు. భూమ్మీద సగటున ఏడాది మొత్తానికి సహజంగా సోకే రేడియేషన్ అక్కడ నాలుగు రోజుల్లోపే సోకుతుందని క్యూరియాసిటీ రోవర్ కొలతలు చెబుతున్నాయి. శుక్రుడి సంగతి సరేసరి, 460 డిగ్రీల కొలిమి. సూర్యుడి పొలిమేర దాటితే దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు 17 కిలోమీటర్లు పరుగెత్తే వాయేజర్-1 వేగంతో పోయినా డెబ్బై వేల ఏళ్లు పైమాటే. ఇక లక్ష కాంతి సంవత్సరాల పాలపుంతను చుట్టి రావడమట!

కాబట్టి ఎక్కడికెళ్లినా గాలి, నీరు, పంట అన్నీ ఇక్కడినుంచే మూటగట్టుకుపోవాలి. ఆ మూట కట్టడం మనకు వచ్చా అంటే, 1991లో ఆరిజోనాలో తేలిపోయింది. మూడెకరాల పైచిలుకు అద్దాల మేడ ‘బయోస్ఫియర్-2’లో అడవి, పొలం, చిన్న సముద్రం పెట్టి ఎనిమిది మందిని రెండేళ్ల కోసం లోపల ఉంచి మూశారు. ఏడాదిన్నర కాకముందే ఆక్సిజన్ దాదాపు 21 శాతం నుంచి 14.5కు పడిపోయింది. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను లాగేశాయి. అవి వదిలిన బొగ్గుపులుసు వాయువును చెట్లు తిరిగి ఆక్సిజన్‌గా మార్చేలోగా కాంక్రీటు గోడలు పీల్చేసుకున్నాయి. గోడల సంగతి ఎవరి ఊహకూ అందలేదు. చివరికి బయటినుంచి ఆక్సిజన్ ఎక్కించక తప్పలేదు. అదీ భూమ్మీదే, తలుపవతలే సాయం ఉండగా.

నీటి విషయంలో మాత్రం కాస్త దారి దొరికింది. అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట, ఊపిరిలో తేమతో సహా 98 శాతం నీటిని తిరిగి తాగునీరుగా మార్చగలిగామని 2023లో నాసా ప్రకటించింది. తిండి విషయంలో ధారవాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగం కోసం శుక్లా అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించారు. చిన్న అడుగే అయినా, ఖర్చు పెట్టాల్సింది నగరాల బొమ్మల మీద కాదు, ఇలాంటి పనుల మీద.

వాడిన నీటిని మళ్లీ వాడడం కోలారు జిల్లాకు కొత్త కాదు. వెయ్యి అడుగులు దాటినా బోర్లలో చుక్క పడని ఆ జిల్లా చెరువులకు 2018 నుంచి కె.సి.వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపుతున్నారు. తొలి ఏడాదే లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేయాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. 400 కిలోమీటర్ల ఎత్తున కొద్దిమందికి చేస్తున్న శుద్ధిని ఒక జిల్లాకు అచ్చంగా అలాగే చేయడం కుదరదు నిజమే. మూడో దశ శుద్ధి మాత్రం కుదరని పని కాదు. అది పూర్తయ్యేదాకా, చెరువు నీటి పరీక్షల ఫలితాలను నెలనెలా పంచాయతీ కార్యాలయాల గోడలపై కన్నడంతోపాటు తెలుగులోనూ అంటించాలి.