హెచ్.ఐ.వి. ఉన్నవారికి నిద్ర పట్టకపోతే

ఎ.ఆర్.టి. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. రక్తంలో వైరస్ కనబడని స్థాయికి దిగిందని డాక్టరుగారు చెప్పారు. అయినా అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తోంది. అన్నం సయించదు. ఎవరు పలకరించినా విసుగు. ఈ జబ్బు ఉన్నాక దిగులు కాక మరేముంటుందని మీరూ అనుకుంటారు, ఇంట్లోవాళ్ళూ అనుకుంటారు. అలా అనుకుని ఊరుకోకండి. దిగులుకు వేరే చికిత్స ఉంది, దానికది నయమవుతుంది.

ఒకటి రెండు రోజుల బెంగ ఎవరికైనా సహజమే. రెండు వారాలు దాటినా ఏ పనిమీదా మనసు నిలవకపోతే వైద్యుణ్ణి చూడాలి. ఎందుకంటే దిగులు ముదిరితే మాత్రల మీద అశ్రద్ధ వస్తుంది. ‘వేసుకుని ఏం బావుకోవాలి?’ అనిపిస్తుంది. మానేస్తే అణిగివున్న వైరస్ కొద్ది వారాలలోనే మళ్ళీ లేస్తుంది.

నిద్ర చెడటానికి ఒక్కోసారి మందే కారణం. పూర్వం విరివిగా ఇచ్చిన ఎఫావిరెంజ్‌తో పీడకలలు, తలతిరుగుడు వచ్చేవి. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న డోలుటెగ్రావిర్‌తోనూ కొందరికి నిద్ర పట్టదు. రాత్రి మాత్రను పొద్దుటికి మార్చుకుంటే సర్దుకోవచ్చు. ఎ.ఆర్.టి. కేంద్రంలో అడిగి మార్చుకోండి. సొంతంగా ఆపవద్దు.

మానసిక వైద్యుని దగ్గర హెచ్.ఐ.వి. సంగతి దాచకండి. సిగ్గుతో దాచేవారున్నారు, అందువల్ల నష్టం వారికే. ఉదాహరణకు మూర్ఛలకూ, మితిమీరిన ఉద్రేకానికీ ఇచ్చే కార్బమజెపిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గించేస్తుంది. ముందే చెబితే ఆయన వేరే మందు రాస్తారు. దిగులుకిచ్చే సెర్ట్రలిన్ వంటివి సాధారణంగా దీనితో కలిపి వాడవచ్చు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పనిచేయలేదని మానకండి.

నలుగురికీ తెలిసిపోతుందని భయమా? 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది సందర్భాలలో తప్ప, మీ అనుమతి లేకుండా మీ విషయం బయటపెట్టకూడదు. చట్టం ఊరి నోరు మూయించలేదనుకోండి. అందుకే నమ్మకమైన మనిషిని ఒక్కరిని ఎంచుకుని చెప్పుకోండి. భార్యకో, భర్తకో అంటిస్తానేమోనన్న కుంగుబాటుకైతే మంచి మందే ఉంది: మాత్రలు మానకుండా వైరస్ కనబడని స్థాయిలోనే ఉంటే సంభోగం ద్వారా అంటదు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగకండి. టెలి మానస్ 14416కు ఫోను చేయండి, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లోవారు ముందు పురుగుమందు డబ్బా ఇల్లు దాటించాలి.